సోదా లేని మూట

సూర్యప్రకాశం గారి సైకిలుకి రెండు విశేషాలున్నాయి. సీటు తోలుది గనక మడికి పనికిరాదని దాని మీద పాత ధావళి గుడ్డ తొడిగి తాడుతో కట్టి ఉంచేవారు. రెండోది, దానికి బెల్లు లేదు. ఎదురుగా గేదెలో మనుషులో అడ్డమొస్తే, తొక్కుతూ చదువుకునే నమకాన్ని ఒక్కసారి గొంతు పెంచి చదివేవారు. గేదెలక్కూడా అలవాటైపోయి పక్కకి తప్పుకునేవి. ఆ రోడ్డు మీద ఆయన్ని ఆపినవాడు లేడు. చివరికి ఆయన బాధంతా అదే అయింది.

ఆయనది యానాంకి మూడు కిలోమీటర్ల ఇవతల, ఆంధ్రాలో ఉన్న చిన్న ఊరు. పొద్దున్నే అక్కడి శివాలయంలో పూజ ముగించుకుని, సైకిలు మీద యానాం వెళ్ళి, రత్నమాణిక్యం గారింట్లో శివపూజ చేసి, ఎండ ముదరకముందే వెనక్కి రావడం పదహారేళ్ళుగా ఆయన పని. ఆ మూడు కిలోమీటర్ల మధ్యలో ఎక్కడో ఆంధ్రా అయిపోయి పాండిచ్చేరి వారి రాజ్యం మొదలవుతుందని తెలుసు గానీ, ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు. రెండు పక్కలా అవే వరిచేలు, అదే కాలవ, అదే ఉప్పుగాలి. ఇటు పిల్లని అటు ఇచ్చేవారు, అటు పిల్లని ఇటు తెచ్చుకునేవారు. ముహూర్తాలు ఎటూ ఆయనే పెట్టేవారు.

తొంభై అయిదులో ఆంధ్రాలో మద్యనిషేధం వచ్చింది. యానాంలో రాలేదు. దాంతో ఆ మూడు కిలోమీటర్ల రోడ్డుకి ఎక్కడలేని ప్రాముఖ్యం వచ్చిపడింది. కాలవ వంతెన దగ్గర ఒక పాక, పాక ముందు వెదురు గేటు, గేటు దగ్గర నలుగురు కానిస్టేబుళ్ళు వెలిశారు. యానాం నుంచి వచ్చే ప్రతివాడి సంచీ విప్పించేవారు, పంచె దులిపించేవారు, కొబ్బరికాయలు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేవారు. ఊపి చూడ్డం ఎందుకంటే, ఒక మహానుభావుడు కాయకి చిల్లుపెట్టి, నీళ్ళు తీసి, అందులో ఇంకోటి పోసుకొచ్చాడు. అలా గేటు ముందు లైను ఫర్లాంగు పొడుగు సాగేది. పాలు విరిగిపోయేవి, చేపలు వాసనకొచ్చేవి.

చెక్‌పోస్టుకి పెద్ద మణిశంకర్ అనే ఇన్‌స్పెక్టర్. కుర్రాడైనా బుర్రున్నవాడు. రోజూ తిరిగే మర్యాదస్తుల్ని ఆపి సోదా చేస్తే తన నలుగురికీ ఊపిరాడదని, దొంగలు తప్పించుకుపోతారని లెక్కేసి, ఒక పద్ధతి పెట్టాడు. ఊళ్ళో ఇద్దరు పెద్దలు హామీ సంతకం పెడితే పసుపురంగు కార్డు ఇచ్చేవాడు. కార్డున్నవాళ్ళు లైన్లో నిలబడక్కర్లేదు, గేటు పక్కన సందులోంచి సోదా లేకుండా వెళ్ళిపోవచ్చు. బళ్ళో మాస్టారికి, కాంపౌండరుకి, పోస్టుమాన్‌కి, అలా పదకొండుమందికి ఇచ్చాడు. అందులో ఒకటో నంబరు కార్డు సూర్యప్రకాశం గారిది. ఆయన అడగలేదు. మణిశంకరే ఇంటికొచ్చి, చెప్పులు వీధిలో విడిచి, రెండు చేతులతో ఇచ్చి వెళ్ళాడు.

“నేనేం మంత్రినా, నాకెందుకయ్యా ఇదీ?” అన్నారు గానీ సూర్యప్రకాశం గారికి లోపల బాగానే ఉంది. జందెం పక్కన, బొడ్లో దోపుకుని తిరిగేవారు. నిజానికి ఆయనకి కార్డు చూపించే అవసరం ఒక్కనాడూ రాలేదు. మడిబట్టలో ఉన్న బ్రాహ్మణ్ణీ ఆయన మూటనీ ముట్టుకునే ధైర్యం ఆ నలుగురిలో ఎవరికీ లేదు.

ఆ ఏడు కార్తీకమాసంలో రత్నమాణిక్యం గారు నెల్లాళ్ళూ స్వయంపాకం ఇస్తానని మొక్కుకున్నారు. స్వయంపాకం అంటే ఒక పూట వండుకోవడానికి సరిపడా బియ్యం, పప్పు, కూరలు, చింతపండు కొత్తగుడ్డలో మూటకట్టి బ్రాహ్మడికి దానం ఇవ్వడం. ఆవిడ పెద్ద రైతు కుటుంబంలో మనిషి, చెయ్యి పెద్దది, భక్తి ఇంకా పెద్దది. పూజ అయ్యేసరికి మూట అరుగు మీద సిద్ధంగా ఉండేది. పుచ్చుకున్న దానాన్ని దాత గుమ్మంలోనే విప్పి చూసుకోవడం మర్యాద కాదు. సూర్యప్రకాశం గారు దాన్ని హాండిలుకి తగిలించుకుని ఇంటికి తెచ్చి భార్య కనకవల్లి చేతిలో పెట్టేవారు. ఆవిడే విప్పేది.

రెండో సోమవారం నాడు మూట బరువుగా ఉంది. సోమవారం గదా అనుకున్నారు. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి కనకవల్లి సంబరంగా ఎదురొచ్చింది.

“ఏవండీ, ఆ మహాతల్లి అభిషేకానికి తేనె కూడా పంపిందండీ. రెండు సీసాలు! ఎంత చక్కటి సీసాలో. దేవుడి దగ్గర పెట్టాను.”

సూర్యప్రకాశం గారు దేవతార్చన గూటిలోకి తొంగిచూశారు. సాలగ్రామానికి అటొకటి, ఇటొకటి, ఎర్రగా మెరుస్తూ రెండు విస్కీ సీసాలున్నాయి. ఆయనకి ఇంగ్లీషు పెద్దగా రాదు గానీ, ఆ అక్షరాలు యానాం బజార్లో ప్రతి షాపు మీదా ఉంటాయి. అక్కడే పీట మీద కూలబడ్డారు.

మధ్యాహ్నం స్కూటరు చప్పుడైంది. రత్నమాణిక్యం గారి తమ్ముడు గణేష్‌బాబు. తెల్లచొక్కా, మెళ్ళో గొలుసు, మొహం నిండా నవ్వు. అక్కగారి పంచన ఉంటూ, ఏ పనీ చెయ్యకుండా ఎప్పుడూ పనిమీద ఉన్నట్టు తిరిగే మనిషి.

“పంతులుగారూ, పొరపాట్న మావి రెండు మీ మూటలోకొచ్చేసేయండి. పట్టికెళ్దామనొచ్చేనండి.”

“పొరపాటేంటి నాయనా! బియ్యంలో కప్పెట్టి ఉన్నాయి!”

“ఆయ్. పగిలిపోకుండానండి,” అన్నాడు గణేష్‌బాబు ఎంతో నెమ్మదిగా.

సూర్యప్రకాశం గారికి కోపం రావడం తెలుసు గానీ దాన్ని వాడడం తెలీదు. మొహమాటం ఆయనకి పుట్టుకతో వచ్చింది. ఇంకోసారి ఇలా జరిగితే కాలవలో పారేస్తానన్నారు.

“పారేస్తే పారేయండి. కానండీ, పోయాయని నేను మా అక్కకి చెప్పుకోవాలి కదండి. పంతులుగారి మూటలో పెట్టిన సీసాలు పోయాయంటే ఎవరు తాగేశారనుకుంటారండీ జనం?” అని, సీసాలు డిక్కీలో సర్దుకుని, కనకవల్లికి కూడా నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి కనకవల్లి గూడంతా పసుపునీళ్ళతో కడిగింది. ఏడుస్తూనే కడిగింది. సూర్యప్రకాశం గారు నూట ఎనిమిది గాయత్రి చేసుకున్నారు. మనసు కుదుటపడలేదు.

మర్నాడు మూట హాండిలుకి తగిలించుకుని చెక్‌పోస్టు దగ్గర తనంతట తనే ఆగారు. మనసులో ఒకటే ఆలోచన: నన్నూ సోదా చేస్తారని తెలిస్తే వాడు నా జోలికి రాడు. గేటు దగ్గర కానిస్టేబులు వెంకన్న ఉన్నాడు.

“వెంకన్నా, నా మూట కూడా చూడు నాయనా.”

వెంకన్న పకపకా నవ్వాడు. “బాగుందండీ! మడిమూట నేను ముట్టుకున్నానని తెలిస్తే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానిత్తదా అండీ? ఎల్లిపోండి, ఎల్లిపోండి.”

పాకలో ఉన్న మణిశంకర్ కూడా బయటికొచ్చాడు. “అందర్నీ చూస్తున్నారు, నన్ను వదిలేస్తున్నారు, నలుగురూ ఏమనుకుంటారో అని కదండీ మీ బాధ? మిమ్మల్ని చూడ్డం మొదలెడితే నేనిచ్చిన కార్డుకి విలువేం ఉంటుంది చెప్పండి?” అన్నాడు.

చెప్పడానికి నోటిదాకా వచ్చింది. చెబితే మూట విప్పాలి. విప్పితే, మూటలో ఉంటే, ఉన్నది తన మూటలో. ఆ సాయంత్రానికి రెండూళ్ళూ చెప్పుకుంటాయి. మళ్ళీ సైకిలెక్కేశారు. ఇంటికొచ్చి విప్పి చూస్తే, ఉన్నాయి.

అలా పదిహేను రోజులు నడిచింది. రోజూ ఉండేవి కావు, ఉన్ననాడు మధ్యాహ్నం గణేష్‌బాబు స్కూటరు మీదొచ్చి పట్టికెళ్ళేవాడు. ఉంటాయో ఉండవో తెలియకపోవడమే పెద్ద నరకం. ఒకరోజు దారిలోనే విప్పి పారేద్దామని కాలవగట్టు మీద కూర్చున్నారు. సీసా చేతిలోకి తీసుకునేసరికి వెనక నుంచి మాటలు వినిపించాయి. గబగబా బియ్యంలోకి తోసేసి, జపం చేసుకుంటున్నట్టు కళ్ళు మూసుకున్నారు. వెళ్ళేవాళ్ళు ఆయన ధ్యానానికి భంగం కలగకుండా చప్పుడు చెయ్యకుండా దాటిపోయారు. ఆ మర్యాదకి ఆయనకి ఏడుపొచ్చింది.

ఆ రోజుల్లోనే అచ్చాయమ్మ ఆయన్ని కార్డు సంగతి అడిగింది. అచ్చాయమ్మకి ఒక గేదె ఉంది, ఇంకెవరూ లేరు. పెరుగుకుండ గంపలో పెట్టుకుని యానాం వెళ్ళేది. రత్నమాణిక్యం గారింట్లో పెరుగు పోసి, బదులుగా గేదెకి తవుడు తెచ్చుకునేది. రోజూ లైన్లో గంటన్నర నిలబడేది. తవుడు సంచీని కానిస్టేబుళ్ళు ఇనప చువ్వతో కుళ్ళబొడిచేవారు. సంచీ చిల్లులుపడి దారి పొడుగునా తవుడు కారుకుంటూ వచ్చేది.

“అయ్యగారండీ, తమరు ఒక్క సంతకం పెడితే నాక్కూడా ఆ పసుపు కార్డు ఇత్తారంటండి. నేనెళ్ళేతలికి గేదె అరిసి అరిసి సచ్చిపోతందండి. కాసింత పున్నెం కట్టుకోండి,” అంది.

ఇంకో రోజైతే సూర్యప్రకాశం గారు చూద్దాంలే అని వాయిదా వేసేవారేమో. ఇప్పుడు ఆయనకి పుణ్యం అవసరం చాలా ఉంది. సోదా చెయ్యవలసిన తనని వదిలేస్తున్నారు, ఏ పాపం తెలియని దీని సంచీని పొడుస్తున్నారు. హామీ సంతకం తను పెట్టి, రెండో సంతకం బళ్ళో మాస్టారి చేత పెట్టించారు. పెరుగమ్ముకునేదానికి కార్డేమిటని మణిశంకర్ రెండ్రోజులు నసిగాడు. “మీ ముఖం చూసి ఇస్తున్నానండి,” అని చివరికి పన్నెండో నంబరు కార్డు ఇచ్చాడు.

అచ్చాయమ్మ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మంగళసూత్రంలా మెళ్ళో కట్టుకుంది. రత్నమాణిక్యం గారింట్లో అందరికీ చూపించింది, వంటావిడకీ, పాలేరుకీ, అరుగు మీద పేపరు చదువుకుంటున్న గణేష్‌బాబుకీ. గణేష్‌బాబు కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, “బాగుందే అచ్చాయమ్మా,” అన్నాడు. పూజగదిలోంచి అది విని సూర్యప్రకాశం గారు సంతోషించారు కూడా. ఎంత పిచ్చివాడో పాపం.

కార్తీకం ఇంకా నాలుగు రోజులుందనగా ఆయన ఒక ఉపాయం చేశారు. జీవితంలో మొదటిసారి ఒక శాస్త్రం కల్పించారు.

“అమ్మా, మాసం చివర్లో స్వయంపాకం దాత తన చేత్తో, పుచ్చుకునేవాడి ఎదురుగా మూటకట్టి చేతిలో పెడితేనే పూర్తిఫలం అని ఉంది,” అన్నారు రత్నమాణిక్యం గారితో.

“అయ్యో, ఇన్నాళ్ళూ చెప్పలేదేమండీ!” అని ఆవిడ నొచ్చుకుని, అప్పటికప్పుడు ఆయన కళ్ళముందే బియ్యం కొలిచి, పెసరపప్పు, రెండు అరటికాయలు, కంద ముక్క, చింతపండు పెట్టి మూటకట్టి ఇచ్చారు.

వీధిలో గణేష్‌బాబు ఎదురయ్యాడు. “భలే శాస్త్రం గుర్తొచ్చిందండి మీకు. సరేలెండి, ఇంక మిమ్మల్ని ఇబ్బంది పెట్టను,” అన్నాడు. కోపం లేదు, అదే నవ్వు. సూర్యప్రకాశం గారు ఆ మాటకి పొంగిపోయారు. పదిహేను రోజుల తరవాత సైకిలు తేలిగ్గా నడిచింది. నమకం పూర్తయి చమకంలోకి వచ్చారు.

చెక్‌పోస్టు దగ్గర సందులో కార్డువాళ్ళు కూడా ఆగి ఉన్నారు. కార్డుల దారిన సరుకు వస్తోందని పైనుంచి కబురొచ్చిందట, వాళ్ళని కూడా చూడమన్నారట. సూర్యప్రకాశం గారికి ప్రాణం లేచొచ్చింది. ఇవాళ చూస్తే చూడనీ! మాస్టారి సంచీలోకి వెంకన్న ఊరికే తొంగిచూసి వదిలేశాడు. కాంపౌండరు పెట్టె మూత ఎత్తించి దించేశాడు. తరవాత అచ్చాయమ్మ. మెళ్ళో కార్డు ఎత్తి చూపించింది. వెంకన్న దాన్ని చూడను కూడా చూడలేదు. చువ్వ తీసుకుని తవుడు సంచీలో పొడిచాడు. అందరి కార్డూ ఒకటే రంగు, చువ్వ మాత్రం ఆవిడకే.

టంగుమంది.

తవుడు రోడ్డు మీద గుమ్మరించారు. మూడు సీసాలు దొర్లాయి. అచ్చాయమ్మ వాటిని చూసి, వెంకన్నని చూసి, వెనక్కి తిరిగి సూర్యప్రకాశం గారిని చూసింది.

“అయ్యగారండీ, నాకు తెలీదండీ,” అంది.

సైకిలు ఆయన చేతిలోంచి జారి పడిపోయింది. ఆయన ముందుకొచ్చి, జీవితంలో ఎప్పుడూ లేనంత గట్టిగా చెప్పారు. “ఆవిడకి తెలీదు. అవి నా మూటలో రావలసినవి. పదిహేను రోజులుగా నేనే తెస్తున్నాను. ఇవాళ నేను ఒప్పుకోలేదు గనక ఆవిడ సంచీలోకి వచ్చాయి.”

ఆయన మూటని గేటు ముందు దుమ్ములో పెట్టి, మడి గిడి చూసుకోకుండా ముడి విప్పారు. బియ్యం, పెసరపప్పు, రెండు అరటికాయలు, కంద, చింతపండు.

లైన్లో ఒక ముసలాయన దణ్ణం పెట్టాడు. వెంకన్న కళ్ళు తడయ్యాయి. “ఎందుకండీ, ఈవిడ పాపం మీ నెత్తిన ఏసుకుంటారు?” అన్నాడు.

మణిశంకర్ ఆయన్ని పక్కకి తీసుకెళ్ళాడు. “హామీ సంతకం మీదని బాధపడుతున్నారు. మీరు మంచివారు, మోసపోయారు. మీమీద మాట రాదు.”

“మోసపోలేదయ్యా! పెట్టినవాడు రత్నమాణిక్యం గారి తమ్ముడు. కావలిస్తే మా ఇల్లు వెతికించు.”

మణిశంకర్ నమ్మాడో లేదో అతని మొహం చూస్తే తెలియలేదు. “మీ ఇంట్లో ఇవాళేం దొరుకుతుందండీ? ఆ ఇల్లు చూస్తే హద్దుకి అటుంది. అటు నాకు అధికారం లేదు. అటు ఆ సీసా తప్పు కూడా కాదు. ఇటు ఎవరి సంచీలో దొరికితే వాళ్ళదే,” అని చెప్పి, తనే వంగి, చెల్లాచెదురైన బియ్యం గింజ గింజా ఏరి మూట మళ్ళీ కట్టి, రెండు చేతులతో ఇచ్చాడు.

అచ్చాయమ్మ మెళ్ళోంచి కార్డు తీసేసుకుని జీపెక్కించారు.

ఆయన ఊరుకోలేదు, ఆ మాట చెప్పాలి. మర్నాడే రత్నమాణిక్యం గారితో మొదలుపెట్టారు. “అచ్చాయమ్మ ఇలాంటిదనుకోలేదండీ,” అని ఆవిడే ముందు అందుకుని, తమ్ముడి పేరెత్తేసరికి, “వాడా? వాడేగా ఆ రోజు జాలిపడి, దాని సంచీ స్వయంగా నింపిచ్చింది!” అన్నారు. తరవాత సూర్యప్రకాశం గారు కాకినాడ కోర్టుకి వెళ్ళి అచ్చాయమ్మకి జామీను ఉంటానన్నారు. జామీనుకి పట్టా భూమి ఉండాలట, ఆయనది దేవుడి మాన్యం. ఒకటో నంబరు కార్డు తీసి బల్ల మీద పెట్టారు. అక్కడి గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇదేంటండీ అని అడిగాడు.

గేదె సంగతి కనకవల్లి చూసింది. మడి కట్టుకున్న మనిషి కుడితి కలిపి పెట్టింది గానీ, అది కొత్తచేతికి పాలివ్వలేదు. ఎగదన్నింది, అరిచింది, ఆఖరికి వట్టిపోయింది.

పందొమ్మిది రోజులకి అచ్చాయమ్మ ఇంటికొచ్చింది. పెరుగు లేదు గనక గోంగూర, తోటకూర కట్టలు గంపలో పెట్టుకుని మళ్ళీ యానాం వెళ్ళడం మొదలుపెట్టింది. సూర్యప్రకాశం గారు కార్డుని మణిశంకర్‌కి తిరిగి ఇచ్చేశారు. మణిశంకర్ అర్థమైనట్టు తలూపి తీసుకున్నాడు.

ఆ మర్నాడు తిరిగొచ్చేటప్పుడు ఆయన సందులోకి వెళ్ళలేదు. సైకిలు నడిపించుకుంటూ పోయి ఫర్లాంగు పొడుగు లైన్లో చివర నిలబడ్డారు. ముందు ఎవరున్నారో చూడలేదు. కాసేపయ్యాక ఆ మాసిన చీర, ఆ గంప గుర్తుపట్టారు.

గేటు దగ్గర్నుంచి వెంకన్న చూశాడు. “అయ్యో, పంతులుగారండీ! మీకు లైనేంటండీ, ఎండలో! రండి, రండి!”

“కార్డు ఇచ్చేశాను వెంకన్నా. అందరితోపాటే చూడు నన్ను కూడా.”

“మీకు కార్డెందుకండీ! మీరెవరో మాకు తెలీదా?”

జనమంతా పక్కకి జరిగారు. ఎవరూ చెప్పకుండానే దారి ఇచ్చారు. గేదెలు తప్పుకున్నట్టే తప్పుకున్నారు. సూర్యప్రకాశం గారు కదల్లేదు. అప్పుడు ముందున్న అచ్చాయమ్మ వెనక్కి తిరిగింది. ఆయన్ని చూసి, గంప దించుకుని చంకలో పెట్టుకుని, అందరిలాగే తను కూడా రోడ్డు వారకి జరిగింది.

“ఎల్లండి అయ్యగారండీ,” అంది. గొంతులో కోపం లేదు. “తమరు కదిల్తేనే కదండీ లైను కదిలేది. మాకు ఆలిస్యమైపోతంది.”

ఆయన వెళ్ళారు.